పెట్టెలో లేని మనుషులు

"పిల్లలకు యుద్ధం బొమ్మలెందుకు?"

పోయిన ఏడాది పాఠశాల ప్రదర్శనలో మా బల్ల ముందు ఆగిన పెద్దల్లో చాలామంది ఈ ప్రశ్నే అడిగారు. బల్ల మీద ఒక బి-29 బాంబర్ విమానం, దాని పక్కన అంగుళం ఎత్తున్న సైనికులు పదకొండు మంది ఉన్నారు. మేము ఐదుగురం మూడు నెలల ఆదివారాలు కూర్చుని చేసిన పని అది. అందుకే ఆ ప్రశ్న వింటే కొంచెం కోపం వచ్చింది. "ఇవి ఆటబొమ్మలు కావండీ, స్కేల్ మోడల్స్" అని జవాబు చెప్పి ఊరుకున్నాం.

సాయంత్రం బల్ల సర్దే వేళకు మాలో ఒకరి నాన్నమ్మ వచ్చింది. వాళ్ళది శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆవిడ విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇమానం బాగుంది గానీ బాబూ, ఇది దిగడానికి నేల సదును సేసినోళ్ళేరీ?" అంది.

మా దగ్గర జవాబు లేదు. వాళ్ళు పెట్టెలో రాలేదు మరి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సైనికుల మోడల్స్ చేయడం తప్పు కాదు, మంచి పని. కానీ పెట్టెలో వచ్చిన బొమ్మలతోనే ఆపేస్తే ఆ పని సగమే అయినట్టు. పెట్టెలో లేని మనుషుల్ని కూడా చేసి నిలబెడితేనే అది నిజమైన మోడల్ అవుతుంది.

ఈ పని తెలియని మిత్రుల కోసం ముందుగా నాలుగు మాటలు. స్కేల్ అంటే అసలు వస్తువు ఎన్నోవంతుకు తగ్గింది అనే లెక్క. విమానాలకు ఎక్కువగా వాడేది 1:72. ఆరడుగులంటే డెబ్బై రెండు అంగుళాలు. కాబట్టి ఈ స్కేల్‌లో ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం అవుతాడు. ట్యాంకులకూ, వాటి పక్కన నిలబడే సైనికులకూ 1:35 వాడతారు. అందులో మనిషి ఎత్తు ఐదు సెంటీమీటర్లు. మన ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. దాన్ని 1:72లో చేస్తే దాదాపు పదిహేను మీటర్లు వస్తుంది. అది పెట్టడానికి మన తరగతి గది చాలదు, వరండా కావాలి. ఇలా లెక్క వేయడం అలవాటైతే ఏ వస్తువును చూసినా కొలతతో చూడటం వస్తుంది.

పెట్టెలో ముక్కలు ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వస్తాయి. వాటిని గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో తుంచి, ఆకురాయితో నున్నగా చేసి, జిగురుతో అతికించాలి. ఆ జిగురు వాసన తలనొప్పి తెస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి కూర్చోవాలి. తర్వాత ప్రైమర్, దాని మీద అసలు రంగు. మడతల్లో నీడ కోసం పలచటి ముదురు రంగును పారించాలి. ఉబ్బెత్తుగా ఉన్నచోట దాదాపు ఆరిన కుంచెతో లేత రంగు తాకించాలి. అంగుళం మనిషికి చొక్కా మడత వేయాలంటే ఊపిరి బిగబట్టాలి. ఓపిక లేనివాళ్ళకు ఈ పని ఓపిక నేర్పుతుందంటారు. మాకు మాత్రం ముందు చూడటం నేర్పింది. టోపీ ఏ వైపు ఒరిగి ఉంది, బూట్ల మీద పట్టీలు ఎన్ని, నీళ్ళ సీసా ఏ భుజానికి వేలాడుతోంది అని ఒక్కో సైనికుడికి పది ప్రశ్నలు వస్తాయి. జవాబులు దొరికేదాకా కుంచె ముట్టలేం.

ఈ పనికి మంచి చరిత్రే ఉంది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పూర్వం తగరంతో పలకల్లాంటి సైనికుల్ని పోతపోసేవారు. లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ 1893లో లోపల బోలుగా ఉండే సీసం సైనికుల్ని తెచ్చింది. అవి తేలిక, చవక కూడా. ఊహాకథలు రాసిన హెచ్.జి.వెల్స్ ఇలాంటి బొమ్మలతో యుద్ధం ఆట ఎలా ఆడాలో 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకంలో రాశాడు. ఆ ఆట కొన్నిసార్లు ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలిసిపోతుందని ఆయన అందులోనే వాదించాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కాబట్టి "యుద్ధం బొమ్మలెందుకు" అన్న ప్రశ్న కొత్తది కాదు. బొమ్మలు చేసేవాళ్ళు కూడా మొదటినుంచీ దాన్ని ఎదుర్కొంటూనే ఉన్నారు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. బి-29ను మేము ఊరికే ఎంచుకోలేదు. 1944లో ఈ విమానాలు మన ఖరగ్‌పూర్‌లోనే ఉండేవి. అమెరికా వైమానిక దళానికి చెందిన ఇరవయ్యో బాంబర్ కమాండ్ ఇక్కడే మకాం పెట్టింది. ఖరగ్‌పూర్, చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండీలలో దాని స్థావరాలు ఉండేవి. నాలుగూ బెంగాల్ నాగపూర్ రైల్వే లైన్లకు దగ్గరే. 1944 జూన్ 5న ఈ స్థావరాల నుంచి వెళ్ళిన విమానాలు బ్యాంకాక్ మీద దాడి చేశాయి. పది రోజుల తర్వాత, జూన్ 15 రాత్రి, చైనాలోని చెంగ్డూ మీదుగా వెళ్ళి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారంపై బాంబులు వేశాయి. బి-29 రెక్కల ఈ చివరి నుంచి ఆ చివరికి 43 మీటర్లు. మా మోడల్‌లో అది దాదాపు అరవై సెంటీమీటర్లు.

అంత పెద్ద విమానం మామూలు మైదానంలో దిగలేదు. గట్టి, పొడవాటి రన్‌వే కావాలి. చైనాలో ఆ రన్‌వేల కోసం లక్షలాది రైతులు చేతులతో రాళ్ళు కొట్టారు, రాతి రోలర్లు మనుషులే లాగారు. మన దేశంలో అమెరికన్ ఇంజనీర్ దళాల దగ్గర యంత్రాలు ఉన్నా, వాటి పక్కనే మన కూలీలు పనిచేశారు. ఆ కాలంలో తూర్పు భారతదేశంలోని విమానాశ్రయాల దగ్గర తీసిన ఫోటోల్లో తల మీద రాళ్ళ తట్టలతో వరసగా నడుస్తున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. నాన్నమ్మ అడిగింది వాళ్ళ గురించే.

మేము ఆ స్త్రీని చేయాలనుకున్నాం. అప్పుడు మాలో మాకే గొడవ వచ్చింది. "పెట్టెలో ఉన్నదానికి కొలతలున్నాయి, ఆధారాలున్నాయి. మనం సొంతంగా చేసేది ఊహ. స్కేల్ మోడల్‌లో ఊహకు చోటు లేదు" అని ఒకరి వాదన. దాన్ని కొట్టిపారేయలేం. కచ్చితత్వం లేకపోతే ఇది మోడలే కాదు. కానీ మేము ఇంకో వైపు నుంచి ఆలోచించాం. రన్‌వే ఉందన్నది నిజం. దాన్ని మనుషులు వేశారన్నదీ నిజం. ఆ మనుషులు లేని రన్‌వే చూపిస్తే అది కూడా ఒక ఊహే కదా! పైగా తప్పుడు ఊహ. చివరికి ఒక నియమం పెట్టుకున్నాం. వాళ్ళకు పేర్లు పెట్టం, కథలు అల్లం. ఫోటోల్లో కనిపించిన భంగిమ, దుస్తులు, పనిముట్లు మాత్రమే చేస్తాం.

చేయడం మొదలుపెట్టాక మొదటి బొమ్మే తప్పయింది. ఐదడుగుల స్త్రీ 1:72లో రెండు సెంటీమీటర్ల పైచిలుకు. సన్న తీగ వంచి, దాని మీద ఎపాక్సీ పుట్టీ అద్ది చేశాం. పైలట్ బొమ్మను పక్కన పెట్టుకుని, అతని చేతులెంత లావుంటే ఈమె చేతులూ అంతే చేశాం. బొమ్మ చక్కగానే వచ్చింది. తర్వాత మా చరిత్ర పుస్తకాన్నీ, తారీఖులనూ పక్కపక్కన పెట్టి చూశాం. 1942 అక్టోబరులో మేదినీపూర్ జిల్లాను పెద్ద తుఫాను ముంచేసింది. 1943లో బెంగాల్ కరువు. లక్షలమంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. రన్‌వేలు తయారైంది ఆ వెంటనే. అంటే తట్ట మోసిన ఆ చేతులు కరువు నుంచి బయటపడ్డ చేతులు. అవి బాగా తిన్న పైలట్ చేతుల్లా ఎలా ఉంటాయి? ఆ బొమ్మను విరిచేసి, పుట్టీ తగ్గించి, మళ్ళీ చేశాం. కరువు గురించి పరీక్షలో ఐదు మార్కుల జవాబు రాసినప్పుడు మాకు ఇంత అర్థం కాలేదు.

రంగు దగ్గర ఇంకో పాఠం. ఈ పనికి అమ్మే రంగుల సీసాల్లో ఒకదాని మీద 'ఫ్లెష్' అని ఉంటుంది. చర్మం రంగు అని అర్థం. మూత తీస్తే లేత గులాబీ రంగు! బ్రిటన్ హంబ్రోల్ అయినా, జపాన్ తామియా అయినా అదే తీరు. ఆ రంగు మా ఐదుగురిలో ఎవరి చర్మానికీ సరిపోదు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో పాతిక లక్షల మంది పనిచేశారు. బర్మాలో, ఇటలీలో, ఆఫ్రికా ఎడారుల్లో పోరాడారు. కానీ దుకాణాల్లో జర్మన్, అమెరికన్, బ్రిటిష్ సైనికుల పెట్టెలు దొరికినంతగా మన సైనికుల పెట్టెలు దొరకవు. దొరికినా సీసాలో వాళ్ళ రంగు లేదు. మేము గోధుమ రంగులో కొంచెం పసుపు, చిటికెడు ఎరుపు కలిపి, చెయ్యి పక్కన పెట్టి పోల్చుకుని, మా చర్మం రంగు మేమే చేసుకున్నాం. ఐదు చేతులకు ఐదు రంగులు వచ్చాయి.

పెట్టెలో లేని మనుషులు ఇంకో రకం కూడా ఉన్నారు. వాళ్ళు విమానం కింద ఉన్నవాళ్ళు. ఈ సంగతి రాయకుండా బి-29 గురించి గొప్పగా చెప్పుకోవడం మాకు ఇష్టం లేదు. 1945 వేసవి నాటికి ఈ విమానాలు మన దగ్గర నుంచి పసిఫిక్ దీవులకు వెళ్ళిపోయాయి. ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసింది బి-29 విమానమే. అంతకు ముందు, జూన్ 19 రాత్రి, బి-29లు షిజువోకా అనే ఊరిని తగలబెట్టాయి. మోడల్స్ చేసేవాళ్ళందరికీ తెలిసిన తామియా కంపెనీ ఊరు అదే. మరుసటి ఏడాది, 1946లో, అక్కడే కలప వ్యాపారంగా ఆ కంపెనీ మొదలైంది. తర్వాత చెక్క మోడల్స్ చేసి, 1960లో మొదటి ప్లాస్టిక్ మోడల్ తెచ్చింది. బూడిదైన ఊళ్ళో వాళ్ళు ప్రపంచంలోకెల్లా శ్రద్ధగా చేసిన బొమ్మల్లో యుద్ధనౌకలూ, ట్యాంకులూ ఉన్నాయి. అది ఎందుకో మాకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ తామియా పెట్టె తెరిచినప్పుడల్లా ఆ ఊరు గుర్తొస్తుంది.

మన ఊళ్ళోనే ఒకే భవనం ఈ ప్రశ్నను మూడు రకాలుగా అడుగుతుంది. హిజ్లీ భవనం 1930లో స్వాతంత్ర్య సమరయోధుల్ని నిర్బంధించే శిబిరం. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. 1944లో అదే భవనం అమెరికన్ బాంబర్ కమాండ్ కార్యాలయం. 1951లో అక్కడే మన దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. ఆ భవనాన్ని మోడల్‌గా చేస్తే ముందు ఎవరిని నిలబెట్టాలి? కాల్చిన సిపాయినా, కటకటాల వెనక ఖైదీనా, అమెరికన్ జనరల్‌నా, విద్యార్థినా? యూనిఫాం అందంగా ఉందని సిపాయిని ఒక్కణ్ణే పెడితే మనం ఆ భవనం గురించి అబద్ధం చెప్పినట్టే.

కలైకుండా సంగతీ అంతే. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సేబర్ విమానాలు ఢాకా వైపు నుంచి వచ్చి కలైకుండాపై దాడి చేశాయి. మొదటి దాడిలో నేల మీద నిలిపిన మన విమానాలు కొన్ని కాలిపోయాయి. రెండోసారి వచ్చినప్పుడు ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ కుక్, ఫ్లయింగ్ ఆఫీసర్ మమ్‌గాయిన్ హంటర్ విమానాల్లో వాళ్ళను ఎదుర్కొన్నారు. ఇద్దరికీ వీరచక్ర వచ్చింది. వాళ్ళను తలచుకుంటే మాకూ గర్వంగానే ఉంటుంది. అయితే హంటర్‌లో ఇంధనం నింపినవారు, తుపాకుల్లో గుళ్ళు పేర్చినవారు, ఇంజన్ పరీక్షించి "సరే" అన్నవారు ఉండి ఉండకపోతే ఆ పైలట్లు గాలిలోకి లేచేవారే కాదు. మన పాఠశాలలో పైలట్ల పిల్లలు కొందరే. ఫిట్టర్లు, గుమాస్తాలు, వంటవాళ్ళు, డ్రైవర్లు, సిగ్నల్ మెయింటెయినర్లు, లోకో షెడ్ టెక్నీషియన్లు, వీళ్ళ పిల్లలమే ఎక్కువ. మన నాన్నల, అమ్మల బొమ్మ ఏ పెట్టెలోనూ రాదు. మనమే చేయాలి.

ఇది మన పెద్దలకు కొత్త సంగతేం కాదు. కొండపల్లి అంబారీ ఏనుగును చూడండి. అంబారీలో రాజు కూర్చుంటే, ముందు అంకుశంతో మావటివాడు ఉంటాడు. మావటి లేకుండా ఏనుగు కదలదని ఆ బొమ్మ చేసినవాళ్ళకు తెలుసు. దశావతారాలు చెక్కిన చేతులే కల్లుగీసేవాణ్ణి, దంపుడు దంచే ఆడవాళ్ళను, ఎడ్లబండిని కూడా చెక్కాయి. బొమ్మల కొలువులో వాళ్ళందరికీ చోటుంది. ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళలో సంక్రాంతికి మెట్ల మీద బొమ్మలు పేర్చేటప్పుడు ఇది మీరూ చూసే ఉంటారు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. పెట్టెలు ఖరీదే. కానీ పెట్టెలో లేని మనుషులకు ఖర్చు లేదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర ముక్కల్ని అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన 'మక్కు' వాడతారు. పెద్ద బొమ్మలకు మేమూ అదే ప్రయత్నించాం, బాగా పట్టింది. చీరకు పలచటి టిష్యూ కాగితాన్ని ఫెవికాల్ నీళ్ళలో ముంచి చుట్టాలి. తట్టకు ఒక ధనియం చాలు. మధ్యకు విడదీస్తే రెండు బోలు చిప్పలొస్తాయి. ఒక్కొక్కటి నాలుగు మిల్లీమీటర్లు, అంటే అసలు కొలతలో ముప్పై సెంటీమీటర్ల తట్ట. రాళ్ళకు బొంబాయి రవ్వ. నేలకు మన మైదానంలోని ఎర్రమట్టినే జల్లెడ పట్టి వాడాం. రన్‌వే కింద ఉన్నది కూడా ఈ ఎర్రమట్టే కదా.

మిత్రులారా, మనలో చాలామందికి మూడేళ్ళకో ఊరు. ట్రాన్స్‌ఫర్ ఉత్తర్వు రాగానే ఇంట్లో అట్టపెట్టెలు మొదలవుతాయి. సామాను సర్దే రోజు ప్రతి వస్తువు గురించీ అమ్మ అడిగేది ఒకటే, "ఇది తప్పకుండా తీసుకెళ్ళాలా?" అరవై సెంటీమీటర్ల రెక్కలున్న విమానానికి ఆ ప్రశ్న దగ్గర చోటు దొరకదు. మాలో ఇద్దరు ఈ ఏప్రిల్‌లో వెళ్ళిపోతున్నారు. విమానం ఎవరిదని గొడవ పడాల్సిన అవసరం లేకుండా, దాన్ని పాఠశాలకే ఇచ్చేశాం. సైన్స్ ల్యాబ్ బయట గాజు అల్మారాలో ఉంది. దాని ముందు ఇప్పుడు తట్టలు మోసే ఆడవాళ్ళు ఏడుగురు, వ్యాగన్ దించే కూలీలు నలుగురు ఉన్నారు.

అందుకే మాదొక సూచన. టీసీ తీసుకుని వెళ్ళే ప్రతి విద్యార్థీ ఆ అల్మారాలో ఒక బొమ్మ పెట్టి వెళ్ళాలి. మీరు ఇంతకు ముందున్న ఊళ్ళో మీరు కళ్ళారా చూసిన మనిషిని, పెట్టెలో రాని మనిషిని చేయండి. లేహ్ నుంచి వచ్చినవాళ్ళు కొండ రోడ్డు మీద తారు పోసే కూలీని చేయవచ్చు. విశాఖపట్నం నుంచి వచ్చినవాళ్ళు డాక్‌యార్డ్‌లో వెల్డింగ్ చేసే అన్నయ్యను చేయవచ్చు. ఎత్తు మాత్రం 1:72 లెక్కకు సరిపోవాలి. కింద చిన్న చీటీ మీద ఊరు, సంవత్సరం, చేసే పని రాయండి.

"యుద్ధం బొమ్మలెందుకు?" అని అడిగిన పెద్దలకు ఈసారి మా జవాబు ఇది. యుద్ధంలో ఎవరెవరు ఉంటారో సరిగ్గా లెక్కపెట్టడానికి. నాన్నమ్మను కూడా ఈ ఏడాది ప్రదర్శనకు పిలిచాం. ఇంకా ఎవరు తక్కువయ్యారో ఆవిడే చెప్పాలి.